400 కేసింగులకు ఏ అనీలింగ్ యంత్రం కొనాలి? గ్యాసా, ఇండక్షనా?

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకూ తెలుస్తుంది. డాలస్ పక్కన అద్దె టౌన్‌హౌస్, దానికి ఒక కారు పట్టే గరాజ్. ఒక .308 విన్చెస్టర్ రైఫిల్, ఒక 6.5 క్రీడ్‌మోర్ రైఫిల్. రెండిటికీ కలిపి 400 కేసింగులు, అంటే మందు, బుల్లెట్ పట్టే ఇత్తడి గొట్టాలు. నెలకు ఒకటో రెండో షూటింగ్ మ్యాచ్‌లు. .308 కేసింగులు ఐదోసారి లోడ్ చేసేసరికి మెడ దగ్గర నిలువునా చీలుతున్నాయి. అందుకని అనీలింగ్, అంటే మెడను కాల్చి మెత్తబరచడం, మొదలుపెడదామనుకుంటున్నారు. ఏఎంపీ అనే ఇండక్షన్ యంత్రం (మంట లేకుండా కరెంటుతో వేడిచేసేది) కొనాలా, గ్యాస్ మంటతో నడిచే యంత్రం కొనాలా, అసలు యంత్రం లేకుండా కానిచ్చేయొచ్చా అన్నది ప్రశ్న. ఇంట్లో రెండేళ్ల బాబు ఉన్నాడు, మంట అనగానే మీ ఆవిడకు టెన్షన్ అని చివర్లో ఒక మాట రాశారు. ఆ చివరి మాటతోనే నా జవాబు సగం తేలిపోతుంది.

నేను పదమూడేళ్లుగా రీలోడింగ్ (పేల్చిన కేసింగును మళ్లీ తూటాగా చేయడం) చేస్తున్నాను, ఎక్కువగా 600, 1000 గజాల మ్యాచ్‌ల కోసం. డ్రిల్లుకు సాకెట్ తగిలించి మొదలుపెట్టాను. తర్వాత ఏడేళ్లు గ్యాస్ యంత్రం వాడాను. ఇప్పుడు ఒక స్నేహితుడితో సగం సగం పెట్టుకుని కొన్న ఏఎంపీ వాడుతున్నాను. మూడిటితోనూ మంచి కేసింగులు వచ్చాయి. గ్యాస్ యంత్రంతో ఒకసారి యాభై లాపువా కంపెనీ కేసింగులు పాడుచేసుకున్నాను కూడా, ఆ సంగతి కింద చెప్తాను.

ముందు తేల్చి చెప్పేస్తాను. గరాజ్‌లో మంట పెట్టుకోవడానికి ఇంటి ఓనరు, ఇంట్లోవాళ్లు ఇద్దరూ ఒప్పుకుంటే గ్యాస్ యంత్రం కొనండి. ఇద్దరిలో ఎవరు కాదన్నా కొన్నాళ్లు ఆగి, డబ్బు కూడబెట్టుకుని ఏఎంపీ కొనండి. ఈ రెండిటికీ మధ్య దొరికేవాటి జోలికి మీ పరిస్థితిలో నేనైతే వెళ్లను.

మాది జనగామ పక్క ఊరు. పెంబర్తి పనివాళ్లు ఇత్తడి రేకు కొట్టడం చిన్నప్పుడు గంటలు గంటలు చూసేవాణ్ణి. రేకు మీద సుత్తి పడుతున్నకొద్దీ శబ్దం మారుతుంది. మొదట మొద్దుగా వినిపించేది కాసేపటికి ఖంగుమంటుంది. ఆ ఖంగు వినపడగానే పెద్దాయన సుత్తి పక్కన పెట్టి రేకును నిప్పుల్లో పెట్టేవాడు. మసక ఎరుపు తిరగ్గానే తీసి నీళ్లలో ముంచి మళ్లీ కొట్టేవాడు. అలాగే కొడుతూ పోతే ఏమవుతుందని అడిగితే, అంచు దగ్గర చిట్లిన ఒక పాత ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. మీ .308 మెడ మీద ఉన్న చీలికా అచ్చం అదే.

కేసింగులకు వాడే ఇత్తడిలో 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. పేల్చినప్పుడు మెడ ఉబ్బి తుపాకీ ఛాంబర్ గోడను తాకుతుంది. సైజింగ్ డై అనే అచ్చు దాన్ని మళ్లీ లోపలికి నొక్కుతుంది, ఆ డైలోని ఎక్స్‌పాండర్ బాల్ అనే గుండు బయటికి వస్తూ ఇంకోసారి సాగదీస్తుంది. ఒక్కో లోడుకు ఇన్ని దెబ్బలన్నమాట. ఇత్తడి గట్టిపడుతూ పోతుంది. గట్టిపడ్డ మెడ డైలోంచి బయటికి రాగానే కొంచెం వెనక్కి తెరుచుకుంటుంది. ఏ కేసింగు ఎంత తెరుచుకుంటుందో ఒక లెక్క ఉండదు కాబట్టి బుల్లెట్‌ను పట్టుకునే బిగువు ఒక్కోదానికి ఒక్కోలా తయారవుతుంది. భుజాన్ని, అంటే మెడ కింద ఏటవాలుగా వెడల్పయ్యే భాగాన్ని, రెండు వేయివంతుల అంగుళం వెనక్కి నెట్టాలని డై సెట్ చేసుకుంటే ఒక కేసింగు ఒకటిన్నర దగ్గర, ఇంకోటి మూడు దగ్గర ఆగుతుంది. చివరికి మెడ చీలుతుంది. మెడను, భుజాన్ని కొన్ని సెకన్లు కాల్చి ఇత్తడిని మళ్లీ మెత్తబరచడమే అనీలింగ్.

అడుగు భాగాన్ని మాత్రం కాల్చకూడదు. యంత్రం ఏదైనా సరే, ఈ ఒక్క మాట మరిచిపోకండి. మీ రెండు క్యాలిబర్లకూ గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. ఆ పీడనాన్ని బోల్ట్ వైపు, అంటే తుపాకీ వెనక మూత వైపు, ఆపేది గట్టిగా ఉన్న అడుగు భాగమే. అది మెత్తబడితే ప్రైమర్ (మందును అంటించే చిన్న టోపీ) గూడు సాగుతుంది, వేడి గ్యాసు వెనక్కి, మీ మొహం వైపు వస్తుంది. అడుగు మెత్తబడ్డ కేసింగును మళ్లీ గట్టిపరిచే ఉపాయం ఇంట్లో ఏదీ లేదు. అలాంటిదాన్ని పటకారుతో నొక్కి పారేయాల్సిందే. పాత పద్ధతిలో కేసింగులను నీళ్ల పళ్లెంలో నిలబెట్టి మూతి దగ్గర మంట పెట్టేవారు. అడుగు నీళ్లలో ఉంటుంది కాబట్టి కాలదు, ఆ జాగ్రత్త వరకు మంచిదే. కానీ మంట ఒక వైపునుంచే తగులుతుంది, కాబట్టి మెడ చుట్టూ ఒకే వేడి అందదు. గ్యాస్ యంత్రాలు కేసింగును తిప్పుతూ కాల్చడం మొదలుపెట్టింది అందుకే.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను. ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది, ఇత్తడి అలా గట్టిపడదు. పెంబర్తి పెద్దాయన ముంచింది చేత్తో పట్టుకోవడానికి వీలుగా చల్లార్చుకోవడానికే. మీకు ఆ తొందర లేదు. కేసింగులు ఇనప పళ్లెంలో పడి వాటంతట అవే చల్లారనివ్వండి. నీళ్లలో వేస్తే మళ్లీ ఆరబెట్టే పని ఒకటి అదనం.

ఎంత వేడి అన్నదాని మీద వాదనలు చాలా చదివి ఉంటారు. 750 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 400 సెల్సియస్ చాలని కొందరంటారు, అస్సలు చాలదని కొందరు. వేడిని సమయంతో కలిపి చూస్తేనే దానికి అర్థం ఉంటుంది. కొలిమిలో గంటసేపు ఉంచేటట్టయితే తక్కువ వేడిలోనే ఇత్తడి మెత్తబడుతుంది. మనం ఇచ్చేది నాలుగైదు సెకన్లు. అంత తక్కువ సమయంలో పని జరగాలంటే 500 సెల్సియస్ దాటాలి. అదృష్టం ఏమిటంటే, 525 దగ్గర ఏ వస్తువైనా చీకట్లో మసక ఎరుపుగా మెరవడం మొదలుపెడుతుంది. అంటే మన కన్నే థర్మామీటర్. గరాజ్‌లో లైట్లన్నీ ఆర్పేసి పది నిమిషాలు కూర్చోండి, కళ్లు చీకటికి అలవాటు పడాలి. తర్వాత మంటలో తిరుగుతున్న మెడను చూడండి. మూతి అంచు మీద నీరసమైన ఎరుపు, అసలు ఉందా లేదా అనిపించేంత మసకగా వస్తుంది. సరిగ్గా అక్కడ కేసింగు కింద పడాలి. నారింజ రంగు దాకా పోయిందంటే ఎక్కువైనట్టే. కేసింగు చుట్టూ ఉన్న నీలి మంట ఒక్కసారి నారింజకు తిరిగినా అది ఆపమనే చెప్తోంది.

కన్ను ఒక్కటే చాలదు. టెంపిలాక్ అని ద్రవం దొరుకుతుంది, పూసి ఆరనిస్తే ఫలానా వేడికి కరుగుతుంది. 750 ఫారెన్‌హీట్‌ది ఒకటి, 450ది ఒకటి కొనండి. మొదటిదాన్ని మెడ లోపలి గోడకు పూయండి. బయట పూస్తే మంట నేరుగా తగిలి కరిగిపోతుంది, దానివల్ల ఏమీ తెలియదు. రెండోదాన్ని ఒంటి మీద భుజం కిందనుంచి అడుగు దాకా ఒక గీతలా గీయండి. లోపలిది కరగాలి (అది కనీస వేడికి గుర్తు, మిగతాది కన్ను చెప్తుంది), గీత కింది సగం కరగకూడదు. ఈ రెండు సీసాలు లేకుండా గ్యాస్ యంత్రం కొనడం బ్రేకులు లేని బండి కొనడంతో సమానం.

ఇక యంత్రాలు. గ్యాస్‌వాటిలో ఎక్కువమంది దగ్గర కనిపించేది అనీలీజ్. ఇలాంటిదే జిరాడ్ కంపెనీది. బెంచ్‌సోర్స్ అనేదానికి రెండు టార్చిలు ఉంటాయి. అనీలీజ్ లాంటివాటి పని చూడ్డానికి సులువు. పైన తొట్టిలో కేసింగులు పోస్తారు. గాడి ఉన్న చక్రం ఒక్కోదాన్ని తీసుకుని మంట ముందుకు తెస్తుంది, అక్కడ కేసింగు తనచుట్టూ తాను దొర్లుతూ కాలుతుంది, తర్వాత కింద పళ్లెంలో ఠంగున పడుతుంది. ఎన్ని సెకన్లు మంటలో ఉండాలన్నది చక్రం వేగాన్ని బట్టి. దానికో నాబ్ ఉంటుంది. ధర కొన్ని వందల డాలర్లు, టార్చి, గ్యాస్ సీసా వేరే. కేసింగుకు ఆరు సెకన్లు వేసుకున్నా మీ 400 నలభై నిమిషాల్లో అయిపోతాయి, అదీ ఒక్కోటీ చేత్తో పెట్టే పని లేకుండా.

దీని లోపం మంటలోనే ఉంది. నాబ్ తిప్పి సమయం కచ్చితంగా పెట్టుకోవచ్చు కానీ మంట ఎంత వేడిగా ఉందన్నది యంత్రానికి తెలియదు. చిన్న సీసాలో ప్రొపేన్ ఆవిరవుతున్నకొద్దీ సీసా చల్లబడుతుంది, లోపల ఒత్తిడి పడిపోతుంది, మంట నీరసిస్తుంది. జనవరిలో గరాజ్ చల్లగా ఉన్నప్పుడు ఇంకా త్వరగా. రెగ్యులేటర్ ఉన్న టార్చి కొంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది, పది ఇరవై డాలర్లు ఎక్కువైనా అదే తీసుకోండి. టార్చి మూతికి, కేసింగుకు మధ్య దూరం కూడా అంతే ముఖ్యం. నేను ఒక చెక్క ముక్క కొలతకు కోసి పెట్టుకున్నాను. ప్రతిసారీ దాన్ని మధ్యలో పెట్టి టార్చి బిగించేవాణ్ణి. లోపలి నీలి శంకువు కొస మెడ, భుజం కలిసేచోటికి గురిపెట్టాలి. మూతికి గురిపెడితే పల్చటి అంచు ముందే కాలిపోతుంది, భుజానికి ఏమీ అందదు.

నేను యాభై కేసింగులు పాడుచేసుకున్నది ఇక్కడే. శనివారం మధ్యాహ్నం, ఆదివారం మ్యాచ్. సగం పని అయ్యాక నీలం సీసాలో ప్రొపేన్ అయిపోయింది. షెల్ఫ్‌లో పసుపు రంగు మ్యాప్-ప్రో సీసా ఉంటే అదే తగిలించి, నాబ్ ముట్టుకోకుండా మిగతావి పోసేశాను. మ్యాప్-ప్రో మంట ప్రొపేన్ కంటే వేడి. గరాజ్ తలుపు ఎత్తి ఉంది, ఎండ లోపలికి పడుతోంది, మెడలు ఎంత ఎర్రగా తిరిగాయో నాకు కనపడలేదు. రాత్రి బుల్లెట్లు సీట్ చేస్తుంటే, అంటే మెడల్లో కూర్చోబెడుతుంటే, ప్రెస్ పిడి మీద అసలు బరువే తెలియలేదు. అనుమానం వచ్చి ఒకదాన్ని బొటనవేలితో నొక్కితే బుల్లెట్ లోపలికి జారిపోయింది. మెడలో బిగువన్నదే మిగల్లేదు. లోడ్ చేసినవన్నీ విప్పి, యాభై కేసింగుల మూతులు పటకారుతో నొక్కేసి చెత్తలో వేశాను. మూతి నొక్కకుండా వేస్తే ఎప్పుడో ఒకరోజు మంచివాటిలో కలిసిపోతాయి. అప్పటినుంచి నాకు మూడు నియమాలు. పని మధ్యలో సీసా మార్చను. మారిస్తే మళ్లీ మొదటినుంచి టెంపిలాక్‌తో పరీక్షిస్తాను. పగలు అనీలింగ్ చేయను.

ఏఎంపీ న్యూజిలాండ్‌లో తయారయ్యే ఇండక్షన్ యంత్రం. మంట ఉండదు. తీగచుట్టలో ఎక్కువ ఫ్రీక్వెన్సీ కరెంటు పంపిస్తే దాని అయస్కాంత క్షేత్రం వల్ల కేసింగు గోడలోనే కరెంటు పుట్టి మెడ తనంత తాను వేడెక్కుతుంది. దీని అసలు గొప్పతనం అజ్‌టెక్ అనే పద్ధతిలో ఉంది. మీ కేసింగుల్లోంచి ఒకదాన్ని బలి ఇస్తారు. యంత్రం దాన్ని కాలిపోయేదాకా వేడిచేసి, ఆ ఇత్తడి బరువును, మందాన్ని బట్టి ఒక కోడ్ నంబరు చూపిస్తుంది. ఆ నంబరు డబ్బా మీద రాసుకుంటారు. ఇక ఆ లాటులో, అంటే ఒకే బ్యాచ్‌లో, ప్రతి కేసింగుకూ అంతే శక్తి వెళ్తుంది, ఈరోజైనా వచ్చే ఏడాదైనా. చీకట్లో కూర్చోనక్కర్లేదు, సీసా చల్లబడిందా అని చూడనక్కర్లేదు. కొత్త లాటు కొన్నా, మెడ గోడ చెక్కి పల్చగా చేసినా మళ్లీ ఒకదాన్ని బలి ఇచ్చి కొత్త నంబరు తీసుకోవాలి.

ధర వెయ్యి డాలర్లకు బాగా పైనే. కేసింగును పట్టి సరైనచోట నిలిపే షెల్ హోల్డర్, క్యాలిబర్‌కు సరిపడే పైలట్ కూడా కావాలి. ఒక్కో కేసింగు చేత్తో పెట్టాలి, చేత్తో తీయాలి. వేళ్లు కాలకుండా తీయడం మొదట్లో కొంచెం చిరాకే. మీ 400కు గంట పైన పడుతుంది. దానంతట అదే కేసింగులు అందించే పరికరం విడిగా అమ్ముతారు, దానికి మళ్లీ డబ్బు. అయినా నేను మారిందెందుకంటే, నా దగ్గర నాలుగు క్యాలిబర్లు, తొమ్మిది లాట్లు ఉన్నాయి. గ్యాస్ యంత్రానికి లాటు మారినప్పుడల్లా చీకట్లో కూర్చుని సెట్ చేయడానికి పట్టే సమయం, అసలు కాల్చడానికి పట్టే సమయం కంటే ఎక్కువైపోయింది. మీకున్నవి రెండు క్యాలిబర్లు. మీకు ఆ ఇబ్బంది ఇంకా రాలేదు.

మధ్యలోవి వద్దన్నాను కదా. ఒకటి, టైమర్ మాత్రమే ఉన్న ఇండక్షన్ హీటర్లు, ఆన్నీ లాంటివి. పరికరం మంచిదే, మంట భయం లేదు, ధర తక్కువ. కానీ ఎన్ని సెకన్లు అన్నది మీరే తేల్చుకోవాలి, కేసింగును చుట్ట మధ్యలో ప్రతిసారీ అదే ఎత్తులో పెట్టే ఏర్పాటూ మీరే చేసుకోవాలి. చేత్తో పనిముట్లు చేసుకోవడం ఇష్టమైనవాళ్లకు బాగుంటుంది. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే జెడ్‌వీఎస్ బోర్డు (ఇండక్షన్ సర్క్యూట్) కొని, 48 వోల్టుల పవర్ సప్లై పెట్టి సొంతంగా కట్టుకునేవాళ్లూ ఉన్నారు. నా స్నేహితుడు కట్టినదాంట్లో ఒకరోజు రిలే (కరెంటు ఆపే స్విచ్) మూసుకునే ఉండిపోయింది. టైమర్ ఆగినా చుట్ట ఆగలేదు, కేసింగు మెడ కరిగి కిందికి కారింది. ఎలక్ట్రానిక్స్ మీ వృత్తి అయితే తప్ప దాని జోలికి వెళ్లకండి.

రెండోది ఉప్పు పాత్ర, సాల్ట్ బాత్. నైట్రేట్ లవణాలను 500 సెల్సియస్ పైన కరిగించి మెడలను అందులో ముంచడం. ఖర్చు తక్కువే. కానీ ఆ వేడిలో ఉన్న ద్రవంలో ఒక్క నీటి చుక్క పడితే చాలు, పైకి చిమ్ముతుంది. సరిగ్గా ఆరని కేసింగు ఒక్కటి చాలు. పైగా నైట్రేట్ దేన్నైనా భగ్గుమని మండించే పదార్థం, తుపాకి మందు ఉన్న గదిలో దాని పని లేదు. రెండేళ్ల బాబు ఉన్న ఇంట్లో దీని గురించి ఆలోచించను కూడా.

చేత్తో కానిచ్చేయొచ్చా అన్నారు. యాభై కేసింగులకైతే హాయిగా చేయొచ్చు. కేసింగు వదులుగా పట్టే లోతైన సాకెట్‌ను కార్డ్‌లెస్ డ్రిల్లుకు తగిలించి, నెమ్మదిగా తిప్పుతూ మెడను మంటలో పెట్టి, ఫోన్‌లో మెట్రోనోమ్ (సెకన్ల టిక్‌టిక్) పెట్టుకుని లెక్కపెట్టి, ఇనప పళ్లెంలోకి వంచేయాలి. యంత్రం కొనేముందు ఒక్క సాయంత్రమైనా ఇలా చేసి చూడమని నేను అందరికీ చెప్తాను. మెడ రంగు ఎలా తిరుగుతుంది, ఒక్క సెకను ఎక్కువైతే ఏమవుతుంది అన్నది చేత్తో చేస్తేనే ఒంటబడుతుంది. కానీ నాలుగు వందలు చేయలేరు. నూటయాభై దాటాక మణికట్టు లాగుతుంది, లెక్క తప్పుతుంది, మొదటిదానికి చివరిదానికి పోలిక ఉండదు. ప్రతి కేసింగుకూ అదే వేడి, అన్ని సెకన్లే అందాలి. యంత్రానికి పెట్టే డబ్బంతా అందుకే.

అందుకే కేసింగులను బ్రాండ్ వారీగా వేరుచేయకుండా ఏ యంత్రం ఆన్ చేయకండి. లాపువా మెడ గోడ మందం వేరు, ఇంకో కంపెనీది వేరు. లాపువాకు సెట్ చేసిన వేగంలో పల్చటి మెడ ఉన్నది పోస్తే మాడుతుంది. అడుగున చెక్కిన అక్షరాలు చూసి డబ్బాలు వేరు చేసుకోండి, ఎన్నిసార్లు పేల్చారో డబ్బా మీద రాయండి. కొత్త లాపువా కేసింగు ఒకటి పక్కన పెట్టుకుంటే ఇంకా మంచిది. ఫ్యాక్టరీలో చేసిన అనీలింగ్ తాలూకు నీలి మచ్చను వాళ్లు పాలిష్ చేయకుండా అలాగే వదిలేస్తారు. ఆ మచ్చ భుజం కింద ఎక్కడిదాకా ఉందో, మీది ఎక్కడిదాకా వచ్చిందో పోల్చి చూసుకోవచ్చు. రంగు ఎంత ముదురన్నదాన్ని మాత్రం నమ్మకండి, అది వెలుతురును బట్టి, కేసింగు ఎంత శుభ్రంగా ఉందన్నదాన్ని బట్టి మారుతుంది.

ఇత్తడిలో మిగిలిపోయిన ఒత్తిడి ఏం చేస్తుందో మన దేశంలోనే బయటపడింది. బ్రిటిష్ సైన్యం రోజుల్లో వానాకాలం రాగానే తూటాలను గుర్రపు శాలల్లో భద్రపరిచేవారు. వానలు వెలిసి తీసి చూస్తే కేసింగులు పగుళ్లిచ్చి ఉండేవి. ఋతువు మారగానే పగులుతున్నాయని దానికి సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. కారణం 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు తేల్చారు. గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా, గాలిలో తేమ, కేసింగును సాగదీసి తయారుచేసినప్పుడు లోపల నిలిచిపోయిన ఒత్తిడి, మూడూ కలిసి ఇత్తడిని చీల్చేస్తున్నాయి. విరుగుడు, కేసింగులను కాల్చి ఆ ఒత్తిడిని తీసేయడం. ఇప్పుడు మీ గరాజ్‌లో గుర్రాలు లేకపోయినా అమ్మోనియా ఉన్న మెటల్ పాలిష్ డబ్బా ఉండొచ్చు. దాంతో కేసింగులు ఎప్పుడూ తుడవకండి.

పని వరస ఇలా పెట్టుకోండి. ముందు వాడేసిన ప్రైమర్ తీసేయాలి, తర్వాత శుభ్రం చేయాలి, పూర్తిగా ఆరబెట్టాలి, అప్పుడు అనీలింగ్, ఆ తర్వాత సైజింగ్. లోపల నీటి చుక్క ఉన్న కేసింగు మిగతావాటితో సమానంగా వేడెక్కదు. మందు పోసి బుల్లెట్ పెట్టిన తూటాను గానీ, కొత్త ప్రైమర్ పెట్టిన కేసింగును గానీ మంట దగ్గరికి, ఇండక్షన్ దగ్గరికి తేకూడదు. అనీలింగ్ తర్వాత మెడ లోపల గరగరమని బుల్లెట్ పట్టేస్తున్నట్టు అనిపిస్తుంది. పొడి గ్రాఫైట్‌లో మూతి ఒకసారి ముంచి తీస్తే సర్దుకుంటుంది. ఎన్ని లోడ్లకోసారి చేయాలన్నది పెద్ద చర్చ. నేను ప్రతి లోడుకూ చేస్తాను. మూడింటికోసారి చేసినా ఫరవాలేదు, కానీ డబ్బా మొత్తానికి ఒకేసారి చేయండి. సగం కాల్చినవి, సగం కాల్చనివి కలిస్తే అసలు చేయకపోవడమే నయం.

టార్గెట్ మీద బుల్లెట్ రంధ్రాల గుంపు చిన్నదవుతుందా అంటే నేను మాట ఇవ్వలేను. నా వరకు మెడలు చీలడం ఆగింది, భుజం కొలత అన్నిటికీ ఒకటే వస్తోంది, బుల్లెట్ సీట్ చేసేటప్పుడు చేతికి తెలిసే బరువు ఒకేలా ఉంది. అనీలింగ్ అసలు చేయకుండా మ్యాచ్‌లు గెలిచేవాళ్లు నా పక్కనే కూర్చుని తుపాకీ కాలుస్తారు. కేసింగు అడుగుకు కొంచెం పైన మెరిసే గీత వచ్చి తెగిపోయే జబ్బు వేరు. అది గోడ పల్చబడడం వల్ల వచ్చేది, అనీలింగ్ దాన్ని బాగుచేయదు. పేపర్ క్లిప్పు కొస వంచి లోపల గీరి చూడండి, గాడి తగిలితే పారేయండి. మీ .308లో మెడలు చీలుతున్నాయన్నారు కానీ ఇది కూడా ఒకసారి చూసుకోండి.

ఇక మీ ఆవిడ టెన్షన్ సంగతి. అది అక్కర్లేని భయం కాదు. గ్యాస్ యంత్రం కొంటే ఇవి మాత్రం తప్పకుండా పాటించండి. తుపాకి మందు డబ్బాలు, ప్రైమర్లు గరాజ్‌లో ఉంచకండి, కనీసం ఆ రోజు ఇంకో గదిలోకి మార్చండి. పక్క తలుపు తెరిచి ఉంచండి, మూసిన గరాజ్‌లో కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, కానీ గాలి నేరుగా మంట మీదికి రాకూడదు, వస్తే మంట ఊగి వేడి మారిపోతుంది. కేసింగులు పడే పళ్లెం ఇనుముది కావాలి, కింద గుడ్డ, ప్లాస్టిక్, కాగితం ఏవీ ఉండకూడదు. పక్కన మంటలార్పే సిలిండర్. బాబు పడుకున్నాకే పని, పళ్లెం పూర్తిగా చల్లారి లోపల పెట్టాకే తలుపు తాళం. చల్లారిన కేసింగుకూ వేడి కేసింగుకూ చూపుకి తేడా ఉండదు, రెండేళ్ల చేతికి అది మెరిసే బొమ్మ. ప్రైమర్ మసిలో సీసం కూడా ఉంటుంది, కాబట్టి చేతులు సబ్బుతో కడిగాకే బాబును ఎత్తుకోండి. ఇవన్నీ ఆవిడకు చూపించండి. అయినా వద్దంటే ఒప్పించాలని చూడకండి, ఏఎంపీకి డబ్బు దాచుకోండి. అద్దె ఒప్పందంలో గ్యాస్ సీసాల గురించి ఏం రాశారో కూడా చదవండి.

మీరు అడగకపోయినా మనవాళ్లకు రెండు మాటలు చెప్పాలి. హెచ్‌వన్‌బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లకు అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ, తూటాలు దగ్గర ఉంచుకోవడం మామూలుగా నిషేధం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మీకు గ్రీన్ కార్డు లేకపోతే ముందు లాయర్‌ను అడిగి, తర్వాతే యంత్రం గురించి ఆలోచించండి. రెండోది, రేంజ్‌కు తీసుకెళ్లే బ్యాగుతో ఇండియా ప్రయాణం చేయకండి. ఏ జేబులోనో మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో దొరికితే 1959 ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది. ఖాళీ కేసింగు కూడా ఉండకుండా జేబులన్నీ దులిపి, వేరే బ్యాగు కొనుక్కోండి. అక్కడ లైసెన్స్ లేకుండా ఇంట్లో రీలోడింగ్ చేయడం నేరం, ఇక్కడ చూసి వెళ్లి అక్కడి చుట్టాలకు నేర్పకండి.

యంత్రం ఏది వచ్చినా మొదటి రోజు మంచి కేసింగులు పెట్టకండి. మెడ చీలిన .308లు మీ దగ్గర ఉన్నాయి కదా, అవే పది తీసుకోండి. సగం సెకను చొప్పున సమయం పెంచుతూ ఒక్కోటి కాల్చి, మూతి మీద మార్కర్‌తో సెకన్లు రాసి వరసగా నిలబెట్టండి. చల్లారాక ఒక్కోదాని మూతిని పటకారుతో కొద్దిగా నొక్కి వదలండి. కాల్చనిది గట్టిగా ఎదురుతిరిగి వెనక్కి వస్తుంది, సరిగ్గా కాలింది మెత్తగా నొక్కుకుని కొంచెం వెనక్కి వస్తుంది, మాడింది నొక్కినచోటే ఉండిపోతుంది. ఆ రెండో రకం ఏ సెకను దగ్గర వచ్చిందో, ఆ రోజు సీసా ఏది, టార్చి దూరం ఎంత, గరాజ్ ఎంత చల్లగా ఉందో నోటు పుస్తకంలో రాసుకోండి. ఆ పేజీ ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, లెక్క ఎక్కడైనా తేడాగా ఉంటే చూసి చెప్తాను.